విండోస్ 11 అప్‌డేట్ల మీద జనం గోల: తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 11 విడుదలైంది 2021 అక్టోబర్ 5న. ఆ తర్వాత ఏడాదికొకటి చొప్పున 22హెచ్2, 23హెచ్2, 24హెచ్2, 25హెచ్2 అని పెద్ద అప్‌డేట్లు వచ్చాయి. మధ్యలో నెలనెలా వచ్చే చిన్నవి సరేసరి. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇదేంటి ఇలా మారిపోయింది?" అని అడుగుతూనే ఉన్నారు. ఎక్కువగా వినపడే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను. మెనూల పేర్లు తెర మీద ఇంగ్లీషులో ఎలా కనిపిస్తాయో అలాగే, తెలుగు లిపిలో రాశాను.

అసలు జనం ఇంత గోల ఎందుకు చేస్తారు? కొత్తదంటే భయమా?

నాకైతే అలా అనిపించదు. 2022 అక్టోబర్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌కి ట్యాబులు వచ్చాయి. ఎవరైనా గొడవ చేశారా? చాలామంది "ఇన్నాళ్లకి ఇచ్చారు" అని సంతోషించారు, అక్కర్లేనివాళ్లు పట్టించుకోలేదు. గొడవ రెండు సందర్భాల్లో వస్తుంది: చేతికి అలవాటైనదాన్ని తీసేసినప్పుడు, అడగనిదాన్ని తెచ్చి ఎదురుగా పెట్టినప్పుడు. కింద చెప్పబోయే ఫిర్యాదుల్లో దాదాపు అన్నీ ఈ రెండింట్లో ఏదో ఒక కోవకి చెందినవే.

ఇది ఈనాటిది కూడా కాదు. 2012లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటన్‌నే తీసేశారు. కంప్యూటర్ షట్‌డౌన్ ఎక్కడ చేయాలో తెలియక జనం తలలు పట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి 8.1లో బటన్ వెనక్కి వచ్చింది. మెనూ మాత్రం 2015లో విండోస్ 10 వచ్చేదాకా పూర్తిగా రాలేదు.

స్టార్ట్ బటన్ మధ్యలోకి జరిగింది. పాత చోటికి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్, అందులో టాస్క్‌బార్ బిహేవియర్స్. అలైన్‌మెంట్ దగ్గర లెఫ్ట్ అని పెట్టండి. అంతే.

స్టార్ట్ మెనూ కూడా మళ్లీ మారిందేమిటి?

2025 చివర్లో వచ్చిన మార్పు ఇది. మొదట్లో స్టార్ట్ నొక్కితే పైన పిన్ చేసుకున్న ఐకాన్లు, కింద రెకమెండెడ్ అనే భాగం ఉండేవి. ఆ రెకమెండెడ్ సగం జాగా తినేసేది. అందులో ఏముంటాయంటే నిన్న తెరిచిన ఫైళ్లు. ఆఫీసులో నలుగురి ముందు స్టార్ట్ నొక్కితే మీ జీతం స్లిప్ పేరో, రెజ్యూమే పేరో అందరికీ కనిపిస్తుంది. దాన్ని ఖాళీ చేస్తే ఫైళ్లు పోయేవి కానీ జాగా మాత్రం అలాగే బోసిగా మిగిలేది. జనం నాలుగేళ్లు దీని మీదే విసుక్కున్నారు.

కొత్త మెనూలో ఆ భాగాన్ని పూర్తిగా దాచేయవచ్చు. యాప్స్ అన్నీ వేరే పేజీకి వెళ్లకుండా కిందికి జరుపుకుంటూ పోతే కనిపిస్తాయి. కాకపోతే మెనూ సైజు పెరిగింది. చిన్న లాప్‌టాప్ తెర మీద దాదాపు తెరంతా పరుచుకుంటుంది. అది నచ్చక తిట్టేవాళ్లు ఇప్పుడు కొత్తగా తయారయ్యారు. నా మటుకు పాతదానికన్నా ఇదే నయం.

టాస్క్‌బార్ మీద అన్ని ఫిర్యాదులు ఎందుకు?

అన్నిటికన్నా న్యాయమైన ఫిర్యాదు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

విండోస్ 11 కోసం మైక్రోసాఫ్ట్ టాస్క్‌బార్‌ని మొదటి నుంచీ మళ్లీ రాసింది. అలా రాసేటప్పుడు పాతదాంట్లో ఉన్న చాలా పనులు కొత్తదాంట్లోకి రాలేదు. టాస్క్‌బార్‌ని పైకో పక్కకో జరపడం పోయింది. ఫైల్‌ని లాక్కొచ్చి ఐకాన్ మీద వదలడం పోయింది. టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే టాస్క్ మేనేజర్ పోయింది. ఒక్కో విండోకి ఒక్కో బటన్, దాని మీద పేరు కనిపించే పద్ధతి కూడా పోయింది.

ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. లెక్కలు రాసేవాళ్ల పక్కన ఒక పూట కూర్చుంటే అసలు కష్టం తెలుస్తుంది. ఎక్సెల్‌లో ఐదు ఫైళ్లు తెరిచి ఉంటాయి: ఏప్రిల్ జీఎస్‌టీ, మే జీఎస్‌టీ, పార్టీ లెడ్జర్, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇంకేదో. విండోస్ 10లో ఐదు బటన్లు, ఐదు పేర్లు. కావాల్సింది చూసి నొక్కడమే. విండోస్ 11లో ఒకే ఆకుపచ్చ ఐకాన్. దాని మీద మౌస్ పెట్టాలి, ఐదు బుల్లి బొమ్మలు పైకి లేచేదాకా ఆగాలి. ఐదూ గళ్ల కాగితాలే, ఒకదాన్ని పోలి ఒకటి. కళ్లు చికిలించి పేర్లు చదువుకుని నొక్కాలి. రోజుకి ఒకసారైతే సర్దుకుపోవచ్చు. రెండు నిమిషాలకోసారి అదే పని అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

లాగి వదలడం, టాస్క్ మేనేజర్ 22హెచ్2 కాలంలో తిరిగొచ్చాయి. పేర్లు కనిపించే పద్ధతి 2023 శరదృతువు దాకా ఆగి 23హెచ్2 సమయానికి వచ్చింది. ఇప్పుడు టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ దగ్గర నెవర్ అని పెట్టుకుంటే సరిపోతుంది. ఈ ఒక్క సెట్టింగ్ చూపిస్తే చాలామందికి విండోస్ 11 మీద కోపం సగం దిగిపోతుంది.

టాస్క్‌బార్‌ని జరపడం మాత్రం 25హెచ్2 విడుదలలోనూ రాలేదు. కంపెనీ 2022లో ఇచ్చిన వివరణ ఏమిటంటే, పక్కకి జరిపితే యాప్‌లన్నీ తమ అమరిక మార్చుకోవాలి, అది పెద్ద పని, అలా వాడేవాళ్లు తక్కువమంది. వాళ్ల లెక్క వాళ్లకుండొచ్చు. అయినా పాతికేళ్లకు పైగా ఉన్న సదుపాయాన్ని తీసేసి "తక్కువమందే కదా" అంటే ఆ తక్కువమంది ఊరుకుంటారా?

రైట్ క్లిక్ చేస్తే సగం ఆప్షన్లు కనిపించడం లేదు. ఎక్కడికి పోయాయి?

షో మోర్ ఆప్షన్స్ వెనక్కి పోయాయి. ఏళ్ల తరబడి ప్రతి సాఫ్ట్‌వేరూ తన వంతు ఒక లైను చేర్చుకుంటూ పోయి, పాత మెనూ చేంతాడంత అయింది. అందుకే కుదించామన్నారు. కారణం సబబే. కానీ ఫైళ్లని కుదించే విన్‌రార్ లాంటివి రోజూ వాడేవాళ్లకి ఒక క్లిక్ పని రెండు క్లిక్కులైంది.

షిఫ్ట్ నొక్కి పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుంది. కట్, కాపీ, పేస్ట్, రీనేమ్, డిలీట్ పైవరసలో బొమ్మలుగా మారడం ఇంకో చికాకు. ఏ బొమ్మ దేనికో తెలిసేది కాదు. 24హెచ్2లో వాటి కింద పేర్లు రాశారు. రీనేమ్‌కి ఎఫ్2 నొక్కడం ఎప్పుడూ ఉన్నదే.

మనవాళ్లకి ప్రాణప్రదమైన రిఫ్రెష్ సంగతి కూడా చెప్పాలి. ఇన్‌సైడర్లకి, అంటే కొత్త విండోస్‌ని ముందుగా వాడి పరీక్షించేవాళ్లకి, ఇచ్చిన తొలి బిల్డ్‌లో అదీ షో మోర్ ఆప్షన్స్ వెనకే ఉండేది. 2021 జులైలోనే, అంటే విడుదలకి ముందే, ముందుకి తెచ్చారు. రిఫ్రెష్ కొడితే డెస్క్‌టాప్ మీది ఐకాన్లు మళ్లీ గీసుకుంటాయి తప్ప కంప్యూటర్ వేగం పెరగదు. ఈ మాట ఎంతమందికి చెప్పినా కొడుతూనే ఉంటారు, కొట్టుకోనివ్వండి.

రీకాల్ అంటే నా తెరని ఫొటోలు తీసి మైక్రోసాఫ్ట్‌కి పంపేదేనా?

ఫొటోలు తీసే మాట నిజం. పంపే మాట నిజం కాదు. ఇందులో కంగారు పడాల్సింది ఎంత, అక్కర్లేనిది ఎంత అన్నది విడదీసి చూడాలి.

2024 మే 20న మైక్రోసాఫ్ట్ దీన్ని ప్రకటించింది. కొన్ని సెకన్లకోసారి తెరని బొమ్మగా దాచుకుని, "పోయిన వారం చూసిన ఆ నీలం చీర ఎక్కడుంది?" అన్నట్టు అడిగితే వెతికి చూపిస్తుంది. బొమ్మలన్నీ మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. చెప్పుకోవడానికి బాగానే ఉంది. తీరా భద్రతా నిపుణులు తొలి రూపాన్ని విప్పి చూస్తే, తెర మీద కనిపించిన మాటలన్నీ మామూలు డేటాబేస్ ఫైల్‌లో ఉన్నాయి. మీరు లాగిన్ అయి ఉండగా కంప్యూటర్‌లోకి దూరిన ఏ వైరస్ అయినా దాన్ని చదివేయగలదు. పైగా మొదటి ఆలోచన ప్రకారం అది ముందే ఆన్ అయి ఉండేది.

సరిగ్గా ఆ నెల మొదట్లోనే సత్య నాదెళ్ల ఉద్యోగులకి ఒక లేఖ రాశారు. భద్రతకీ మరో పనికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే భద్రతనే ఎంచుకోవాలన్నది దాని సారం. జనం ఆ లేఖని పట్టుకుని నిలదీశారు. జూన్ 7న కంపెనీ దిగొచ్చింది: మీరు కావాలంటేనే ఆన్ అవుతుంది, తెరవాలంటే వేలిముద్రో ముఖమో పిన్నో అడుగుతుంది, డేటాకి ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. ఆ తర్వాత విడుదలే వాయిదా పడింది. చివరికి మామూలు వాడకందారులకి రావడం మొదలైంది 2025 ఏప్రిల్‌లో.

ఇందులో ఒక చిక్కు ఇప్పటికీ ఉంది. మీరు రీకాల్ ఆపేసుకున్నా, మీరు మెసేజ్ పంపిన అవతలి మనిషి ఆన్ చేసుకుని ఉంటే మీ మాటలు ఆ తెర మీది బొమ్మల్లోకి చేరొచ్చు. అందుకే మెసేజ్‌లు పంపుకునే సిగ్నల్ యాప్ 2025 మేలో తన విండో బొమ్మకి చిక్కకుండా అడ్డుకట్ట వేసుకుంది.

మీ కంప్యూటర్‌లో ఇది ఉందా అంటే, చాలావరకు ఉండదు. కోపైలట్ ప్లస్ పీసీ అని ప్రత్యేకంగా అమ్మేవాటిలోనే పనిచేస్తుంది. వాటికి సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఎన్‌పీయూ చిప్ (ఏఐ పనుల కోసం పెట్టేది), 16 జీబీ ర్యామ్ ఉండాలి. ఉన్నా మీరు ఒప్పుకుంటేనే మొదలవుతుంది. అసలే వద్దనుకుంటే టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్‌లోకి వెళ్లి టిక్ తీసేయండి.

కోపైలట్ వద్దు. తీసేయొచ్చా?

కోపైలట్ అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఐ సహాయకుడు. మామూలు యాప్‌లాగే అన్‌ఇన్‌స్టాల్ చేయొచ్చు. 2024 నుంచి వస్తున్న కొన్ని కీబోర్డుల్లో కుడి కంట్రోల్ ఉండాల్సిన చోట కోపైలట్ కీ ఉంటుంది, దాన్ని మాత్రం పీకలేం కదా. అది నొక్కితే వేరే యాప్ తెరుచుకునేలా సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

వద్దనేవాళ్ల బాధ ఏఐ మీద ద్వేషం అనుకుంటే పొరపాటు. వాళ్లలో చాలామంది ఫోన్లో చాట్‌జీపీటీ వాడుతూనే ఉంటారు. టాస్క్‌బార్, ఎడ్జ్, పెయింట్, నోట్‌పాడ్ ఎక్కడ చూసినా అదే బటన్ ఎదురవడమే వాళ్ల విసుగు. 2025 నవంబర్‌లో విండోస్ విభాగం అధిపతి పవన్ దావులూరి, విండోస్ ఇక ఏజెంటిక్ ఓఎస్ అవుతోందని ఎక్స్‌లో ఒక పోస్టు పెట్టారు. అంటే మన బదులు పనులు చక్కబెట్టే ఏఐ ఏజెంట్లకి వేదిక అన్నమాట. కింద తిట్ల వర్షం కురిసి చివరికి రిప్లైలు మూసేయాల్సి వచ్చింది. "ముందు ఉన్నవి సరిచేయండి మహాప్రభో" అన్నదే ఆ తిట్లలో ఎక్కువగా వినిపించిన మాట. రోజువారీ వాడకంలో సరిచేయాల్సిన పని ఉందని ఆయన తర్వాత ఒప్పుకున్నారు.

నోట్‌పాడ్‌ని ఎందుకు కెలికారు?

ట్యాబులు, మూసినా పోకుండా ఉండే డ్రాఫ్టులు, స్పెల్‌చెక్ వరకు మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. లాగిన్ బటన్, ఏఐ రీరైట్ వచ్చాక మొహాలు మాడాయి. నోట్‌పాడ్ అంటే నొక్కగానే తెరుచుకునే తెల్లకాగితం, అంతకుమించి దాన్నుంచి ఎవరూ ఏమీ కోరలేదు. 24హెచ్2తో వర్డ్‌ప్యాడ్‌ని తీసేశారు కాబట్టి ఆ పనులు కొన్ని ఇటు వచ్చాయనుకోవాలి. ఏఐని నోట్‌పాడ్ సెట్టింగ్స్‌లోనే ఆపేయొచ్చు.

డబ్బు పెట్టి కొన్న విండోస్‌లో ప్రకటనలేంటి?

సమాధానం నా దగ్గర లేదు, ఆపే దారి ఉంది. స్టార్ట్ మెనూలో యాప్‌ల ప్రచారం 2024 ఏప్రిల్ అప్‌డేట్‌తో వచ్చింది. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, స్టార్ట్‌లోకి వెళ్లి టిప్స్, యాప్ ప్రమోషన్స్ అన్న స్విచ్ ఆపండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో రెకమెండేషన్స్‌కి సంబంధించినవి కూడా ఒకసారి చూసుకోండి. పెద్ద అప్‌డేట్ పడ్డాక మళ్లీ ఒక చూపు వేయడం మంచిది.

నా పక్క సీటాయనకి కొత్త ఫీచర్ వచ్చింది, నాకు రాలేదు. ఇద్దరిదీ 25హెచ్2నే. ఏం జరిగింది?

మీ కంప్యూటర్ పాడైపోలేదు, టెన్షన్ పడకండి. మైక్రోసాఫ్ట్ ఇప్పుడు ఫీచర్లని అందరికీ ఒకేసారి ఇవ్వదు. అప్‌డేట్ ఫైళ్లు అందరి కంప్యూటర్లలోకీ వచ్చేస్తాయి, ఫీచర్ తాళం మాత్రం కొద్దికొద్దిమందికి తీస్తూ పోతుంది. ఎక్కడైనా తేడా వస్తే ఆపేయడానికి వీలుంటుందని ఈ పద్ధతి. అసలు 25హెచ్2 అన్నదే 24హెచ్2లో అప్పటికే ఉన్నవాటికి తాళం తీసే చిన్న ప్యాకేజీ. "ఇంత చిన్న అప్‌డేట్‌కి ఇంత హడావిడా?" అని జనం పెదవి విరిచింది అందుకే. త్వరగా కావాలంటే విండోస్ అప్‌డేట్ పేజీలో గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్ స్విచ్ ఆన్ చేయండి. ఆఫీసు కంప్యూటర్‌లో వద్దు.

లోకల్ అకౌంట్‌తో ఇన్‌స్టాల్ చేయనివ్వడం లేదట, నిజమేనా?

మైక్రోసాఫ్ట్ అకౌంట్ అక్కర్లేకుండా ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితమయ్యేది లోకల్ అకౌంట్. దానికున్న దారులు ఒక్కొక్కటే మూసేస్తున్నారు. నెట్ లేకుండా సెటప్ ముగించడానికి జనం వాడే బైపాస్ ఎన్ఆర్ఓ చిట్కాని 2025 మార్చిలో టెస్ట్ బిల్డ్ నుంచి తీసేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంకో కమాండ్ వంతు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లకి కంప్యూటర్ పెట్టిచ్చేవాళ్లకి ఇది నిజంగా తలనొప్పి. ఈమెయిలే లేని మనిషికి అకౌంట్ ఎక్కణ్ణుంచి తెస్తాం? ప్రస్తుతానికి జరిగే పని ఏమిటంటే, మీ అకౌంట్‌తో సెటప్ పూర్తిచేసి, లోపలికి వెళ్లాక వాళ్ల పేరుతో లోకల్ అకౌంట్ సృష్టించి ఇవ్వడం.

నా కంప్యూటర్‌కి విండోస్ 11 రాదంటోంది. పారేయాలా?

తొందరపడకండి. కావాల్సినవి ముఖ్యంగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నకిలీ సాఫ్ట్‌వేర్ దూరకుండా చూసే సెక్యూర్ బూట్, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్. ఇంటెల్ అయితే ఇంచుమించు 8వ తరం నుంచి. 2018 తర్వాత కొన్నదై ఉండి కూడా రాదంటే, బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) టీపీఎం ఆపేసి ఉందేమో చూడండి. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. చాలామందికి అక్కడే పని అయిపోతుంది.

నిజంగా పాతదైతే, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే పథకం ఇచ్చారు: 30 డాలర్లు కట్టడం, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. నికరంగా పనిచేస్తున్న యంత్రాన్ని ఒక చిప్ లేదని పక్కన పెట్టమనడం మీద వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాల్సిన పనీ లేదు.

డీటీపీ సెంటర్ నడుపుతున్నాం. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని. అప్‌డేట్ చేయమంటారా?

పని నడుస్తున్న కంప్యూటర్‌ని ముట్టుకోవద్దు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. కొత్త విండోస్‌లో అది సాఫీగా నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. దాన్ని నెట్‌కి దూరంగా ఉంచి, మెయిల్, వాట్సాప్ పనులకి ఇంకోటి పెట్టుకోండి.

మామూలుగా తెలుగు టైప్ చేసేవాళ్లకి కొత్త విండోస్ మేలే. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి విండోస్‌లోనే ఉంది. లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో తెలుగు చేర్చి, కీబోర్డుల జాబితాలో ఫొనెటిక్ ఎంచుకోండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ విండోస్ వెర్షన్‌ని గూగుల్ ఎప్పుడో ఆపేసింది. దాని కోసం ఊరూపేరూ లేని సైట్లలో వెతికి వైరస్ తెచ్చుకోకండి.

మన గోడు కంపెనీలో ఎవరైనా వింటారా?

వింటారు, ఆలస్యంగా. స్టార్ట్ బటన్, టాస్క్‌బార్ పేర్లు, రీకాల్ అన్నీ గోల వల్లే మారాయి. విండోస్ కీ, ఎఫ్ కలిపి నొక్కితే ఫీడ్‌బ్యాక్ హబ్ తెరుచుకుంటుంది. "అంతా చెత్త" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏం చేస్తుంటే ఏం జరిగిందో, ముందు ఎలా ఉండేదో రాయండి. అదే ఫిర్యాదు ముందే ఉంటే దానికి ఓటేయండి.

అలాగని ఓట్లనే నమ్ముకున్నా ప్రమాదమే. 2018 అక్టోబర్ 2న వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫైళ్లని చెరిపేసింది. ఆ ఫోల్డర్లని వేరే డ్రైవ్‌కి మళ్లించుకున్నవాళ్లకి, పాత చోట మిగిలిన ఫైళ్లతో సహా ఫోల్డర్ ఎగిరిపోయింది. నాలుగు రోజుల్లో ఆపి, నవంబర్ 13న సరిచేసి వదిలారు. బాధాకరం ఏమిటంటే, విడుదలకి ముందే కొందరు ఇన్‌సైడర్లు ఇదే సంగతి ఫీడ్‌బ్యాక్ హబ్‌లో రాశారు. ఓట్లు తక్కువ కావడంతో ఎవరి కంటా పడలేదు. ఆ దెబ్బతోనే సమస్య ఎంత తీవ్రమో చెప్పే ఆప్షన్ హబ్‌లోకి వచ్చింది.

అప్‌డేట్ పడ్డాక నచ్చలేదు. వెనక్కి వెళ్లొచ్చా?

విండోస్ 10 నుంచి 11కి మారి ఉంటే 10 రోజుల గడువు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ అని ఉంటుంది. జాగా కోసం డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లు తుడిచేస్తే ఆ దారి మూసుకుపోతుంది. నెలవారీ అప్‌డేట్ అయితే అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేయొచ్చు.

ముందే జాగ్రత్త పడాలంటే విండోస్ అప్‌డేట్ పేజీలో పాజ్ ఉంది, ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు. భద్రతా అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం వస్తుంది. మనకి ఆ రాత్రో బుధవారమో అనుకోండి. జీఎస్‌టీ రిటర్న్ గడువో, పిల్లాడి ఆన్‌లైన్ పరీక్షో ఆ వారంలో ఉంటే సోమవారమే పాజ్ నొక్కి, పని అయ్యాక తీసేయండి.